పదహారో ఫారం

నాలుగూ పదైంది, పుస్తకం ఇంకా రాలేదు. ఐదింటికి ఈ రీడింగు రూము మూసేస్తారు, సరిగ్గా ఐదింటికే అక్కడ ఆసుపత్రిలో వార్డు తలుపులు తీస్తారు, మధ్యలో ఆమెకి మిగిలింది యాభై నిమిషాలు, చదవాల్సినవి పదహారు పేజీలు. పదహారు పేజీలంటే ఎంతలే, మామూలుగా అయితే టీ చల్లారేలోపు అయిపోతాయి, కానీ ఇవి యాభై ఏళ్ళకి పైగా ఇంట్లో ఎవరూ చదవని పేజీలు, చదవకుండానే అమ్మా నాన్నా తనూ మూడు రకాలుగా ఊహించుకుని వాదులాడుకున్న పేజీలు. లైబ్రేరియన్ చీటీ తీసుకుని, దగ్గుబిళ్ళని ఈ బుగ్గలోంచి ఆ బుగ్గలోకి మార్చుకుని, అది బాగా పాతది, ఇంటికివ్వం, ఇక్కడే కూర్చుని చూసుకోవాలి, పేజీలు గట్టిగా తిప్పకూడదు అని చెప్పి లోపలికి వెళ్ళాడు. పేజీలు ఎలా తిప్పాలో తనకి చెబుతున్నాడు, పాపం. ముప్పై ఏళ్ళుగా ఒక ఆఫీసులో పాత దస్త్రాలు కుట్టి అట్టలు కట్టే మనిషి అని ఆయనకెలా తెలుస్తుంది, గోళ్ళ సందుల్లో ఎండిన జిగురు చూసి వంటింట్లోంచి లేచొచ్చిందనుకుని ఉంటాడు. ఎదురు బల్ల దగ్గర ఒక ముసలాయన పేపరు మొహాన కప్పుకుని కునుకు తీస్తున్నాడు. ఫ్యాను తిరిగినప్పుడల్లా పేపరు లేస్తోంది, పడుతోంది, అమ్మ ఛాతీ మీది దుప్పటి కూడా నిన్న ఇలాగే, కాకపోతే ఇంత సాఫీగా కాదు.

నిన్న సాయంత్రం అమ్మ ఆక్సిజన్ మాస్కు తనంతట తనే పక్కకి లాక్కుంది. సిస్టర్ చూస్తే ఊరుకోదమ్మా అంటే వింటేగా. ఊపిరితిత్తుల్లో ఇంక పస లేదు, రోజుల్లోకి వచ్చింది అని డాక్టరు తనని వరండాలోకి పిలిచి చెప్పాడు, అమ్మకి ఎవరూ చెప్పలేదు, అయినా అమ్మకి ఒకళ్ళు చెప్పాలా. మాటకీ మాటకీ మధ్య మూడేసి ఊపిర్లు తీసుకుంటూ అడిగింది. మంచినీళ్ళు అడుగుతుందనుకుంది తను, ఇంటికి తీసుకుపొమ్మంటుందనుకుంది. "ఆ పదహారో ఫారం ఎక్కడైనా దొరికితే చూసిరావే. వాడు గోడ దగ్గరికి వచ్చాడా, రాలేదా. అదొక్కటే." అంత చిన్న కోరిక. దానికి తన గుండె ఎందుకు గుభేలుమందో ఆ వార్డులో ఎవరికీ తెలీదు. వాడంటే నవల్లో వాడే, నిజమే, కానీ అమ్మ ఇన్నేళ్ళూ వాడు వాడు అని అడుగుతున్నది నవల్లో వాడి గురించి కాదు. వదిలిపెట్టి వెళ్ళిన నాన్న ఒక్కసారైనా వెనక్కి వచ్చాడా, అసలు రావాలని అనుకున్నాడా, అదీ అమ్మ ప్రశ్న. దానికి జవాబు ఏ లైబ్రరీలోనూ లేదు. తన దగ్గరుంది, నలభై ఏళ్ళుగా ఉంది. వచ్చాడు. తలుపు కొట్టాడు. తీయనిది తను.

అదిగో, పుస్తకం పట్టుకొస్తున్నాడు, పసిపిల్లని మోసుకొచ్చినట్టు రెండు చేతుల మీద పెట్టుకుని. బల్ల మీద పెట్టి, ఐదింటికి ఐదు నిమిషాలుండగానే ఇచ్చెయ్యాలి అని మళ్ళీ గుర్తు చేశాడు. ఆమె తెరవలేదు, ముందు పుస్తకం వీపు మీద చెయ్యి వేసి చూసింది, అలవాటు. అట్ట కొత్తది, ఎవరో తర్వాతెప్పుడో కట్టారు, కుట్టు మాత్రం పాతదే, అప్పటి దారమే. అదొక ఫ్రెంచి నవల, కోటలు, ముట్టడులు, గుర్రాలు, వీటన్నిటి మధ్యా ఒక ప్రేమ. ఎవరో పండితుడు మన భాషలోకి తెస్తే అమ్మ పనిచేసే ప్రెస్సులో అచ్చేశారు. అమ్మకప్పుడు పద్దెనిమిది. అచ్చైన పెద్ద కాగితాన్ని అమ్మావాళ్ళు మడతల మీద మడతలు పెడితే పదహారు పేజీలవుతుంది, దాన్నే ఫారం అంటారు. ఒకటో ఫారం, రెండో ఫారం అని వరసగా పొడుగు బల్ల మీద దొంతరలు పేరుస్తారు, ఆడవాళ్ళు బల్ల చుట్టూ తిరుగుతూ ఒక్కో దొంతరలోంచి ఒక్కోటి తీసుకుంటూ పోతే చివరికొచ్చేసరికి చేతిలో పుస్తకం తయారు. ఆ మధ్యాహ్నం కొత్తగా చేరిన బైండరు, సన్నగా, చెవి మీద పెన్సిలు పెట్టుకుని, సరిగ్గా పదహారో దొంతరకి ఆనుకుని నిలబడి అందరినీ నవ్విస్తున్నాడు. కాస్త జరగండి అనడానికి అమ్మకి సిగ్గు. ఆయన పక్కనుంచి చెయ్యి చాపడానికి అంతకన్నా సిగ్గు. పదిహేనోది తీసుకుని, తల దించుకుని, ఆయన్ని చుట్టి వెళ్ళి పదిహేడోది తీసుకుంది, అలా ముప్పై సార్లు తిరిగింది, ముప్పై పుస్తకాల్లో పదహారో ఫారం లేకుండా పోయింది. దొంతరలో మిగిలిపోయినవి ఎక్కువొచ్చాయనుకుని ఎవరో అట్టలకి జిగురు రాస్తూ కింద పరుచుకున్నారు, తప్పు బయటపడేసరికి అవి కాస్తా ముద్దయిపోయాయి. మేస్త్రీ అమ్మని తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాడు. అడ్డంగా నిలబడ్డది నేనండీ, నన్ననండి అని బైండరు ముందుకొచ్చాడు, పాడైపోయిన ఆ ముప్పైలోంచి ఒకటి తీసి, ఎర్ర గుడ్డతో అట్ట కట్టి, అమ్మకిచ్చాడు. ఆర్నెల్లకి పెళ్ళయింది.

ఇంట్లో ఉన్న పుస్తకం అదొక్కటే చాలాకాలం. తనకి అక్షరాలు అందులోనే వచ్చాయనాలి. రెండువందల నలభయ్యో పేజీ ఆఖరి వాక్యం ఇప్పుడు నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. కోటగోడ కింద చిన్న దొడ్డితలుపు దగ్గర దొరసాని నిలబడి ఉంటుంది, చేతిలో తాళంచెవి, తండ్రి కోట లోపల, ఆమె ప్రాణం పెట్టుకున్న గడియారాలవాళ్ళ కుర్రాడు బయట ముట్టడి వేసిన సైన్యంలో. మూడోనాడు పొద్దుగూకాక గోడ దగ్గరికి వస్తానన్నాడు. మూడోనాడు వచ్చింది, పొద్దుగూకింది, అంతలో అడుగుల చప్పుడు వినవచ్చెను, ఆమె... అంతే. పేజీ తిప్పితే రెండువందల యాభై ఏడు. ఆరేళ్ళు గడిచిపోయి ఉంటాయి, దొరసాని బూడిదరంగు గౌను వేసుకుని సంతలో దారం బేరం చేస్తూ ఉంటుంది, పుస్తకం అయిపోయేదాకా మళ్ళీ వాడి పేరెత్తదు. మధ్యలో ఏమైంది నాన్నా, ఏమైంది అని తను నాన్న ప్రాణం తీసేది. నాన్న ఎప్పుడూ ఒకటే మాట, ఆ ఫారంలో వాళ్ళిద్దరూ హాయిగా ఉన్నారే, వాళ్ళ మానాన వాళ్ళని వదిలెయ్యండి అని. అమ్మ నవ్వేది. నాన్న వెళ్ళిపోయాక అమ్మ లెక్క మారిపోయింది. రాలేదు, వచ్చుంటే ఆ పిల్ల అంత నిబ్బరంగా దారం బేరం చేస్తుందా, రానివాడి పేరే నోట్లోంచి రాకుండా పోతుంది అనేది. పదిహేనేళ్ళప్పుడు కాబోలు, తను ఉండబట్టలేక, వచ్చే ఉంటాడమ్మా అంది. అమ్మ చేతిలో పని ఆపి చూసింది. నీకెలా తెలుసు? ఏదో, ఊరికే అన్నాను. ఆ ఊరికే అన్న మాటని మింగడానికి ఆ పూటంతా పట్టింది.

తెరవాలి. నాలుగున్నర కావస్తోంది. తెరవదేం. నాన్న వెళ్ళినప్పుడు తనకి తొమ్మిదేళ్ళు, బళ్ళు తెరిచే నెల, కొత్త పుస్తకాలకి అట్టలు వేస్తానని, మూలలకి గుడ్డ కూడా పెడతానని మాటిచ్చి, వెయ్యకుండానే వెళ్ళిపోయాడు, ప్రెస్సులో ప్రూఫులు దిద్దే ఆవిడతో. ఆవిడ సంగతి అందరికీ తెలుసట, అమ్మకి తప్ప. బళ్ళో టీచరు తన పుస్తకాలు పైకెత్తి క్లాసందరికీ చూపించి, బైండరు కూతురి పుస్తకాలు చూడండర్రా అంది. అందరూ నవ్వారు. అమ్మ ఏడుపు తనకప్పుడు సరిగ్గా అర్థమయ్యిందో లేదో గానీ, ఆ అట్టలు లేని పుస్తకాలు మాత్రం అర్థమయ్యాయి. తొమ్మిదేళ్ళ పిల్లకి అంతకన్నా పెద్ద ద్రోహం ఏముంటుంది. మళ్ళీ వస్తే తలుపు తియ్యను అని అప్పుడే ఒట్టు పెట్టుకుంది, ఎవరి మీద పెట్టుకుందో కూడా గుర్తుంది, తన మీదే.

రెండేళ్ళకి వచ్చాడు. పాఠ్యపుస్తకాలు అచ్చయ్యే రోజులు, అమ్మకి ప్రెస్సులో ఎక్కువ పని, సాయంత్రం కూడా ఉండిపోయేది, నువ్వు గొళ్ళెం పెట్టుకుని కూర్చో, ఎవరొచ్చినా తియ్యకు అని చెప్పి వెళ్ళేది. వాన ధారగా పడుతోంది. వాళ్ళది ఒకటే గది, తలుపు తీస్తే సందు, ముందు అరుగు లేదు, చూరు లేదు. తలుపు మీద రెండు దెబ్బలు, మెల్లగా, మళ్ళీ రెండు, ఫారాల బొత్తిని బల్ల మీద తట్టి అంచులు సరిచేసినట్టు. ఆ తట్టడం లోకంలో ఇంకెవరిది కాదు. "కొసఫారం, నేనేనే. అమ్మ ఉందా?" కొసఫారం అని తనని పిలిచే మనిషి ఒక్కడే, పుస్తకంలో ఆఖరి ఫారం ఎప్పుడూ పల్చగా, సగం తెల్లకాగితాలతో ఉంటుందని, పుట్టినప్పుడు తను కూడా అలాగే ఉండేదని ఆ పేరు పెట్టాడు. చెయ్యి గొళ్ళెం మీదికి వెళ్ళింది. వెళ్ళలేదని ఎవరితో అన్నా తనతో తను అనలేదు, వెళ్ళింది, చల్లటి ఇనుము వేళ్ళకి తగిలింది, తీసుంటే అయిపోయేది. తియ్యలేదు. పలకలేదు. తలుపు కింద సందులోంచి తన పాదాలు ఆయనకి కనిపించే ఉంటాయి, అందుకే ఇంక కొట్టలేదు, సరే అన్నాడు, తిట్టలేదు, బతిమాలలేదు. నిలబడ్డాడు. ఎంతసేపన్నది తనకి తెలుసు, అదొక్కటి మాత్రం తలుచుకోదు. అమ్మ వచ్చాక, తడి కొంగు పిండుకుంటూ, ఎవరైనా వచ్చారా అని మామూలుగా అడిగింది. ఎవరూ రాలేదు. అన్నం తిన్నావా? తిన్నాను. అలా రెండు మాటలతో ముగిసిపోయింది.

ముగిసిందని పదకొండేళ్ళ పిల్ల అనుకుంది. మర్నాడు చెబుదామనుకుంది, మర్నాడు అమ్మకి జ్వరం, ఆదివారం చెబుదామనుకుంది, ఆదివారం అమ్మ చాన్నాళ్ళ తర్వాత నవ్వుతూ కనబడింది, అంతే, రోజు తర్వాత రోజు నాలుక చివరిదాకా వచ్చినమాట వెనక్కి వెళ్ళేది. తర్వాత్తర్వాత ఆలస్యమే ఇంకో తప్పైపోయింది, ఇప్పుడు చెబితే ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదే అని అడగదా. ప్రెస్సు పక్కన మంచి ఇల్లు దొరికింది, రెండు గదులు, గాలీ వెలుతురూ. అమ్మ రానంది. ఈ గోడలు ఏడాది పొడుగునా చెమ్మే కదమ్మా, నీ దగ్గు చూడు, అంటే, మనం మారిపోతే వాడికెలా తెలుస్తుందే అంది. ఆ ముక్క విన్నరోజైనా చెప్పాల్సింది. ఇంకో ఊరి ప్రెస్సు నుంచి ఉత్తరం వచ్చేదాకా, ఇక్కడి బైండరు పోయాడు, ఆయన సంచీలో మీ చిరునామా ఉంది అని నాలుగు ముక్కల ఉత్తరం, తొమ్మిదేళ్ళు ఆ చెమ్మ గదిలోనే ఉన్నారు. అమ్మ ఊపిరితిత్తుల గురించి డాక్టరు అడిగాడు, ఎక్కడైనా తడి గోడల ఇంట్లో చాలాకాలం ఉన్నారా అని. ఉన్నామండీ అంది తను. ఎందుకున్నారో ఆయన అడగలేదు, ఆమె చెప్పలేదు.

నాలుగూ ముప్పై అయిదు. తెరిచింది. రెండువందల నలభై, ఆఖరి మాట అదే, ఆమె, తిప్పితే రెండువందల నలభై ఒకటి, కాగితం మిగతావాటికన్నా తెల్లగా ఏం లేదు, అదే పసుపు, అదే వాసన, ఏదో వేరుగా ఉంటుందనుకోవడం తన పిచ్చి. మడత మీద వేలు పెట్టింది. పేజీ తల దగ్గర మడత వెంట్రుకవాసి పక్కకి జరిగి ఉంది. అమ్మ మడతే. బొటనవేలి గోరుతో మడత రుద్దేటప్పుడు చివర్లో కొంచెం ఎడమకి లాగే అలవాటు, మేస్త్రీ ఎన్నిసార్లు చెప్పినా పోలేదట. ఈ పేజీలు అమ్మ చేతుల్లోంచే వెళ్ళాయన్నమాట, మడిచింది, చదవలేదు, మడిచేవాళ్ళకి చదివే తీరికెక్కడిది. కళ్ళు చెమర్చాయి, పేజీ మీద పడకుండా పైటచెంగుతో తుడుచుకుంది.

అడుగుల చప్పుడు వాడిది కాదు. కాపలా ముసలివాడిది, చలికి అమ్మాయిగారికి కంబళి తెచ్చాడు. అంతేనా, దీనికేనా ఇన్నేళ్ళు. తర్వాత నాలుగు పేజీలు ఎవరో సేనాధిపతి విందు, ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారో వాళ్ళ తాతముత్తాతలతో సహా, ఆ తర్వాత మూడు పేజీలు సంధి షరతులు, ఫ్రెంచి ఆయన రాశాడో మన పండితుడు కలిపాడో గానీ చదువుతుంటే ఆవలింతలొచ్చేలా ఉన్నాయి. వేలితో వరసలు గెంటుకుంటూ పోయింది, రెండువందల యాభై, యాభై ఒకటి, వాడేడీ, వాడేడీ. యాభై రెండో పేజీ కింద, పేరా మధ్యలో, ఎవరికీ పట్టనట్టు ఒక్క వాక్యం. ఆ యువకుడు రెండు దినముల పూర్వమే జ్వరపీడితుడై, గడ్డిబండిపై తరలింపబడుచు, కోట కనుచూపు మేరకు రాకమునుపే ప్రాణములు విడిచెను. ఇంకోసారి చదివింది. అంతే, అదే. దొరసానికి ఆ కబురు చేరనే లేదు, ఇంకో రెండు సాయంత్రాలు తాళంచెవి పట్టుకుని నిలబడి, మూడో సాయంత్రం దాన్ని కాపలావాడికిచ్చి, తుప్పు పట్టకుండా నూనె రాయమంది. మిగతా నాలుగు పేజీలూ వంతెన ఎలా కూలిందో.

రాలేదు. అమ్మే గెలిచింది. ఆమె కుర్చీలో వెనక్కి వాలింది. నవ్వొచ్చింది కూడా, ముగ్గుర్నీ ఇన్నేళ్ళు ఆడించిన ఫారంలో ఉన్నది విందూ వంతెనా. ఆ నవ్వు వెనకే ఇంకో ఆలోచన పిల్లిలా వచ్చి కూర్చుంది. ఇంక తను అబద్ధం ఆడక్కర్లేదు. అమ్మ అడిగింది పుస్తకం గురించి, పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చెబితే చాలు, రాలేదమ్మా, రావాలనే బయల్దేరాడు, జ్వరమొచ్చి దారిలోనే పోయాడు. ఎంత బాగుంది. అమ్మ మనసులో నాన్న కూడా ఆ గడ్డిబండి ఎక్కుతాడు, రావాలనుకునే రాలేకపోయినవాడవుతాడు. ఎవరి తప్పూ ఉండదు. అమ్మ ప్రశాంతంగా వెళ్ళిపోతుంది, తను మిగిలిన బతుకు బతికేస్తుంది, ఇద్దరికీ మంచిదే. నిజంగా అమ్మ కోసమేనా, పోయే ప్రాణానికి ఊరట కోసమేనా, లేక ఆ మంచం పక్కన కూర్చుని అమ్మ కళ్ళలోకి చూడలేకనా. ఏమో. రెండూనేమో. పుస్తకం తీసుకెళ్ళి ఇచ్చేసింది. దొరికిందా మీకు కావలసింది అని లైబ్రేరియన్ అడిగాడు. దొరికిందండీ అంది. దారి పొడుగునా ఆ వాక్యాన్నే సర్దుకుంటూ నడిచింది, జ్వరమొచ్చి దారిలోనే పోయాడమ్మా, జ్వరమొచ్చి దారిలోనే, వార్డు మెట్లెక్కేసరికి నోటికి వచ్చేసింది.

అమ్మ ఆమె కోసమే చూస్తోంది. మంచం దగ్గరికి వచ్చీ రాకముందే మాస్కు పక్కకి లాక్కుని కనుబొమలెత్తింది. ఆమె స్టూలు జరుపుకుని కూర్చుని, అమ్మ చెయ్యి పట్టుకుని, నేర్చుకున్నదంతా తప్పు లేకుండా అప్పజెప్పింది. కంబళి సంగతి, గడ్డిబండి సంగతి, తాళంచెవికి నూనె రాయమన్న సంగతి. అమ్మ కళ్ళు మూసుకుని వింది. చెప్పలా, అన్నట్టు పెదవి కదిలింది. రానివాడే అన్న మాట ఇన్నాళ్ళకి ఖాయమైంది, మొహంలో ఏదో సర్దుకుంది, ఒక్క ఆశ ఏ మూలనో మిణుకుమిణుకుమంటూ ఉండేది, అదీ పోయింది. అది పోవడం ఆమె కళ్ళారా చూసింది. అమ్మ నలభై ఏళ్ళు బతికింది దాని మీద. దాన్ని తను ఒకసారి గొళ్ళెం తియ్యకుండా చంపింది, ఇప్పుడు మళ్ళీ చంపుతోంది.

"అమ్మా, రానిది పుస్తకంలో వాడు. నాన్న వచ్చాడు."

అమ్మ కళ్ళు తెరిచింది. ఆమె ఆగలేదు, ఆగితే మళ్ళీ చెప్పలేదని తెలుసు, నువ్వు ప్రెస్సులో ఉన్నావు, వాన పడుతోంది, పేరు పెట్టి పిలిచాడు, నువ్వున్నావా అని అడిగాడు, నేను లోపల నిలబడి కూడా తియ్యలేదు, నీకు చెప్పలేదు, ఆ ఇల్లు కూడా నా వల్లే మారలేదు నువ్వు, అంతా ఒక్క ఊపిరిలో చెప్పేసి తల దించుకుంది. పక్క మంచం వాళ్ళు అటు తిరిగి యాపిల్ కోసుకుంటున్నారు. తిడుతుందనుకుంది. కొట్టినా బాగుండేది. అమ్మ తన చెయ్యి ఆమె చేతిలోంచి మెల్లగా తీసుకుంది, తీసుకుని మాస్కుని ఇంకాస్త పక్కకి జరుపుకుంది, మాట్లాడటానికి.

"ఎంతసేపు నిలబడ్డాడు?"

"వాన వెలిసేదాకా."

అమ్మ తల తలుపు వైపు తిరిగింది. కళ్ళలోంచి నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి, తుడుచుకోలేదు, తుడవనివ్వలేదు.

"తడిసి ముద్దైపోయుంటాడు," అంది. "అసలే జలుబు మనిషి."